పాత ఫైలును వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్: నాలుగు చూశాక ఫ్రీఫైల్‌సింక్ దగ్గర ఆగాను

మాది పర్లాకిమిడి. బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అప్పటినుంచి మా చుట్టుపక్కల పల్లెల్లో, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వైపు కూడా తిరిగి పెద్దవాళ్ల మాటలు రాసుకుంటున్నాను. గెడ్డ, బేగి, గుంటడు లాంటివి. అన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉంటాయి. మూడు కాలమ్‌లు: మాట, అర్థం, ఎవరు చెప్పారు.

ఒకరోజు అకారాది క్రమంలో పెడదామని మొదటి కాలమ్ ఒక్కటే ఎంచుకుని సార్ట్ చేశాను. పక్కవాటిని కూడా కలపమంటారా అని ఎక్సెల్ అడిగితే వద్దన్నాను. మాటలు జరిగాయి, అర్థాలు ఉన్నచోటే ఉండిపోయాయి. చూసుకోకుండా సేవ్ చేసి, దాని కిందే కొత్త మాటలు చేర్చుకుంటూ పోయాను. తప్పు కంటబడేసరికి రెండు నెలలు దాటింది. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉందిలే అనుకున్నాను. ప్రతి ఆదివారం పాత ఫైలు మీదే కొత్తది వేసేదాన్ని కాబట్టి అందులోనూ అదే తప్పు. నోటు పుస్తకాలు ముందేసుకుని నాలుగు నెలలు కూర్చుని సరిచేశాను. అరవై మాటలు మాత్రం తేలలేదు. పుస్తకంలో వాటి అర్థం రాసుకోలేదు, చెప్పినామె ఇప్పుడు లేదు.

అందుకని సాఫ్ట్‌వేర్ వెతికేటప్పుడు రెండే చూశాను. ఎన్నాళ్ల వెనక్కి వెళ్లొచ్చు? ఎవరినీ పిలవకుండా నేనే ఫైలు తీసుకోగలనా?

గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం. కానీ మనం ఎక్కించే ఎక్సెల్ లాంటి ఫైళ్ల పాత రూపాలు మామూలుగా 30 రోజులు దాటితే పోవచ్చు. ఎప్పటికీ ఉంచమని ఒక్కోదానికి విడిగా చెప్పొచ్చు. ఏది ఉంచాలో ఆ రోజే తెలిస్తే ఇంత గొడవ ఎందుకు?

విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ నిజంగా మంచిది. బయటి డ్రైవు తగిలించి ఆన్ చేస్తే, మారిన ఫైళ్లను గంటకోసారి దాచుకుంటుంది. మనం మార్చకపోతే పాతవాటిని ఎప్పటికీ ఉంచుతుంది. నాకు తిప్పలు రెండుచోట్ల వచ్చాయి. నా ఫోల్డరు డీ డ్రైవులో ఉంది, దాన్ని విండోస్‌లో ‘లైబ్రరీ’ అనే ఫోల్డర్ల జాబితాలో చేర్చేదాకా అసలు పట్టించుకోలేదు. పైగా డ్రైవు తెరిచి చూస్తే ఫైలు పేరు పక్కన యూటీసీ టైము, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం, ఉంటుంది. పొద్దున్న పదింటికి చేసింది నాలుగున్నర అని కనిపిస్తుంది. కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీద పెట్టుకునే చిల్లర ఫైళ్లకు ఇప్పటికీ దీన్నే ఉంచాను.

డుప్లికాటి కూడా ఉచితమే. పాస్‌వర్డ్‌తో తాళం వేసి, మారిన ముక్కలనే పంపుతుంది, చోటు బాగా కలిసొస్తుంది. కానీ డ్రైవు తెరిస్తే నా ఫైలు కనబడదు, దాని సొంత జిప్ ముక్కలే ఉంటాయి. వెనక్కి తీయాలంటే మళ్లీ డుప్లికాటి కావాలి, పాస్‌వర్డ్ మరిస్తే ఇక అంతే. నా తర్వాత ఈ ఫైలు మా అమ్మాయి చేతికి వెళ్లాలి. అందుకే వద్దనుకున్నాను.

ఫ్రీఫైల్‌సింక్ రెండు ఫోల్డర్లను పోల్చి తేడాలను కాపీ చేస్తుంది. ఎడమ పక్క నా ఫోల్డరు, కుడి పక్క డ్రైవు. అసలు సంగతి డిలీట్ సెట్టింగుల్లోని ‘వెర్షనింగ్’ దగ్గర ఉంది. దాన్ని ఎంచుకుని ఒక ఫోల్డరు చూపిస్తే, మారిన ఫైలు పాత కాపీగాని చెరిపిన ఫైలుగాని పోకుండా అక్కడికి చేరుతుంది. టైమ్‌స్టాంప్ పద్ధతి పెట్టుకుంటే పేరు చివర 2025-02-09 201530 అని మన గడియారం ప్రకారమే తేదీ, గంట పడతాయి. అది మామూలు ఎక్సెల్ ఫైలే. ఏ కంప్యూటర్‌లో నొక్కినా తెరుచుకుంటుంది.

మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇది ముందు ఒక తాత్కాలిక ఫైలుగా రాసి, అంతా అయ్యాకే పేరు మారుస్తుంది. అందువల్ల మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఫైలు మంచిదాని స్థానంలో కూర్చోదు. దానితో వచ్చే రియల్‌టైమ్‌సింక్‌కు డ్రైవులోని ఫోల్డరు చూపించి ఉంచాను. రాత్రి డ్రైవు గుచ్చగానే పని మొదలవుతుంది, అయ్యాక తీసేస్తాను. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేసినా ఆ వేళ డ్రైవు బీరువాలో ఉంటుంది.

మొదటిసారి సెట్ చేసేవాళ్లు ‘మిర్రర్’ అనే సింక్ పద్ధతి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఎడమ పక్క లేనిది కుడి పక్క కూడా తీసేయడమే దాని పని. రెండు పక్కలూ తారుమారైతే చాలా నష్టం. సింక్ నొక్కేముందు కంపేర్ నొక్కి జాబితా పూర్తిగా చదవండి. ఇంగ్లీషు మెనూలు మొదటి వారం టెన్షన్ పెట్టాయి, ఏది ఏమిటో ఒక కాగితం మీద తెలుగులో రాసి కంప్యూటర్ పక్కన అంటించుకున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాను ఎలా కొట్టిందో చూశాను కాబట్టి ఒక్క డ్రైవుతో ధైర్యం చాలలేదు. రెండోది విజయనగరంలో మా అమ్మాయి ఇంట్లో ఉంది. తను సంక్రాంతికి వచ్చినప్పుడు అది ఇక్కడ పెట్టి ఇక్కడిది పట్టుకెళ్తుంది. ఈసారి వెళ్లేముందు తన ల్యాప్‌టాప్‌లో నవంబరు నాటి ఫైలు తెరిపించాను. ‘గెడ్డ’ పక్కన ‘వాగు’ అనే ఉంది.