ఆదాయం తగ్గినప్పుడు మాంసకృత్తులకు ఏది మేలు: పప్పా, గుడ్డా, పాలా, మాంసమా?

ఆదాయం తగ్గి ధరలు పెరిగినప్పుడు కుటుంబాలు తిండిగింజలను అన్నిటికన్నా చివరగా తగ్గిస్తాయి. కడుపు నిండాలి కాబట్టి బియ్యమో గోధుమ పిండో ఎప్పటిలాగే ఇంటికి వస్తూనే ఉంటాయి. గుడ్లు, పాలు, పండ్లు, ఆకుకూరలు మాత్రం ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. 1997-98లో ఇండోనేషియా ఆర్థిక సంక్షోభంలో చిక్కుకున్నప్పుడు మధ్య జావాలో జరిపిన పరిశీలనలు దీని ఫలితం ఎలా ఉంటుందో చూపాయి. అక్కడ పిల్లల బరువు పెద్దగా తగ్గలేదు గానీ వారి రక్తంలో హిమోగ్లోబిన్ పడిపోయింది. పిల్లలకు లోటు రాకూడదని తల్లులు తమ తిండి తగ్గించుకుని చిక్కిపోయారు. పైకి కనిపించని ఇటువంటి నష్టాన్ని ఆపాలంటే, ఉన్న కొద్ది డబ్బును ఏ ఆహారం మీద పెట్టాలన్నది అలవాటుకు వదిలేయకుండా లెక్కవేసి తేల్చుకోవాలి.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. వస్తువు ధరను అందులోని మాంసకృత్తుల గ్రాములతో భాగిస్తే, గ్రాముకు ఎంత పడుతుందో తెలుస్తుంది. ఎండు పప్పుధాన్యాలలో కిలోకు సుమారు 220 గ్రాములు, ఎముక లేని మాంసంలో కిలోకు సుమారు 200 గ్రాములు, లీటరు పాలలో 33 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంటే ఒక కిలో పప్పు ఇచ్చేది దాదాపు 36 గుడ్లతో గానీ, ఆరున్నర లీటర్ల పాలతో గానీ సమానం. మీ అంగడి ధరలను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. సాధారణంగా పప్పే చవకగా తేలుతుంది, అదీ కొద్దిపాటి తేడాతో కాదు. ఎముకతో తూచి ఇచ్చే మాంసమైతే, పారేసే బరువుకు కూడా ధర కడుతున్నామన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ విషయంలో ఒక పాత లెక్క ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో 77 ఆహార పదార్థాలను తీసుకుని, ఒక మనిషికి అవసరమైన పోషకాలన్నీ అతి తక్కువ ఖర్చుతో వేటి ద్వారా అందుతాయో గణించాడు. 1939 నాటి ధరల ప్రకారం ఆయనకు తేలిన ఏడాది తిండిలో గోధుమ పిండి, ఎండు చిక్కుడు గింజలు, క్యాబేజీ, పాలకూర, చిక్కబరచిన డబ్బా పాలు తప్ప మరేమీ లేవు. ఏడాది పొడవునా అదే తిండి తినమని ఎవరికీ చెప్పలేం. ఆయన కూడా దాన్ని భోజన సలహాగా ఇవ్వలేదు. అయినా చౌకగా పోషకాలు ఇచ్చేవి ధాన్యం, పప్పు, ఆకులు, కొద్దిగా పాలు అన్న మాట అందులో నిలిచే ఉంది.

పప్పుకు లోపాలు లేకపోలేదు. మాంసకృత్తులను నిర్మించే అమైనో ఆమ్లాలలో మెథియోనిన్ అనేది పప్పులో తక్కువ, లైసిన్ అనేది ధాన్యాలలో తక్కువ. రెండింటినీ కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. ఒకే పూటలో కలవకపోయినా, రోజు మొత్తం మీద రెండూ అందితే చాలు. పప్పులోని ఇనుము మాంసంలోని ఇనుమంత బాగా ఒంటికి పట్టదు. దానికి విరుగుడు కూడా చవకదే: భోజనంలో నిమ్మరసమో, టమాటానో, మరేదైనా సి విటమిన్ ఉన్న పదార్థమో చేర్చి, టీ కాఫీలను భోజనానికి దూరంగా జరపాలి. నానబెట్టడం, మొలకెత్తించడం కూడా ఇనుమును అడ్డగించే ఫైటేట్లను తగ్గిస్తాయి. వంట ఇంధనాన్ని కూడా ఖర్చులో కలిపే చూడాలి. పొట్టు తీసి చీల్చిన పప్పు త్వరగా ఉడుకుతుంది. గింజలను రాత్రంతా నానబెట్టి ప్రెషర్ కుక్కర్‌లో వండితే ఇంధనం బాగా మిగులుతుంది. రాజ్మా విషయంలో మాత్రం పొదుపు పేరుతో సన్నని సెగ మీద ఉడికించి వదిలేయకూడదు. నానబెట్టిన నీటిని పారబోసి, కొత్త నీటిలో కనీసం 10 నిమిషాలు బాగా మరిగించకపోతే అందులోని లెక్టిన్ అనే విషపదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది.

పప్పు తీర్చలేని లోటు ఒకటుంది. బి12 విటమిన్ అందులో అసలు లేదు, ఇక్కడే గుడ్డు, పాలు అవసరమవుతాయి. ఈ రెండింటిలో ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలన్నది ఇంట్లో ఎవరున్నారన్న దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఒక గ్లాసు పాలు దాదాపు ఒక మైక్రోగ్రాము బి12తో పాటు, ఎదిగే ఎముకలకు కావలసిన కాల్షియం ఇస్తాయి. గుడ్డులో బి12 దానిలో సగమే ఉన్నా కోలిన్ అనే పోషకం, ఎ విటమిన్ ఉంటాయి, పైగా వండడానికి ఐదారు నిమిషాలు చాలు. గుడ్డు తినే ఇంట్లో నా మొగ్గు గుడ్డు వైపే. పాలలో నీళ్లు కలిసే అవకాశం ఉన్నట్టుగా గుడ్డులో కల్తీకి వీలుండదు, ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు, పంచడమూ సులువు.

మాంసం చివరి స్థానంలో నిలుస్తుంది. ఇష్టమైతే కొద్ది ముక్కలను పప్పులోనో కూరలోనో వేసి రుచికి వాడుకోవచ్చు గానీ, మాంసకృత్తుల కోసమే దాన్ని కొనడం తక్కువ డబ్బున్న ఇంటికి భారం. కాలేయం మినహాయింపు, మామూలు మాంసం కన్నా తరచు చవకగా దొరికినా ఇనుము, బి12 అందులో పుష్కలం. ఎ విటమిన్ మోతాదు మించుతుంది కాబట్టి గర్భిణులు మాత్రం దాన్ని తినకూడదు, మిగిలినవారు కూడా వారానికి ఒకసారి కన్నా మించకుండా చూసుకోవాలి.

60 కిలోల పెద్దవారికి రోజుకు దాదాపు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 300 గ్రాముల బియ్యం నుంచి 20 గ్రాములు, 80 గ్రాముల పప్పు నుంచి 18 గ్రాములు వస్తే, మిగిలిన కొద్ది భాగాన్ని ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు పూరిస్తాయి. అంత కూడా కొనలేని వారాల్లో పప్పు పరిమాణం పెంచి, గుడ్లను ముందుగా చిన్న పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పెట్టాలి. తల్లి తన వంతు వదులుకోవడాన్ని ఇంట్లోవారు మామూలు విషయంగా తీసుకోకూడదు. గుడ్డూ పాలూ రెండూ ముట్టనివారికి పప్పు ఎంత పెట్టినా బి12 లోటు తీరదు కాబట్టి, వారు ఆ విటమిన్ కలిపిన ఆహారాన్నో, వైద్యుల సలహాతో మాత్రలనో తీసుకోవాలి.