పిల్లల చెవిపోటుకు కైరోప్రాక్టిక్: ఏడాదిన్నర వాడాక

మూడేళ్లలోపు పాప, పన్నెండు కిలోలు. చెవిపోటుకు కైరోప్రాక్టిక్, అంటే మెడ, వెన్నుపూసలను చేత్తో సర్దే వైద్యం చేయించాం. ఏడాదిన్నరలో 22 సిట్టింగులు, అన్నీ విశాఖలో. మళ్లీ వెళ్లం. బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఇదే ఆలోచనతో ఉన్న తల్లిదండ్రుల కోసం వివరంగా రాస్తున్నాం.

సిట్టింగు పావుగంట. పాపను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి మెడ పక్కన, దవడ కింద వేళ్లతో మెల్లగా నొక్కుతారు. తర్వాత స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో మెడపై టక్కుమని రెండు మూడుసార్లు తాకిస్తారు. నొప్పి లేదు, పాప ఏడవలేదు. నొక్కినంతసేపూ నెమ్మదిగా ఉండేది కూడా. ఆ మేరకు మంచిమాటే చెప్పాలి.

చిక్కంతా వాళ్లు చెప్పే కారణంలో ఉంది. మెడపైన మొదటి పూస పక్కకు జరిగి నరాన్ని నొక్కుతుందట, దానివల్ల చెవినుంచి గొంతుకు వెళ్లే గొట్టం తెరుచుకోదట. కానీ ఆ గొట్టాన్ని తెరిచే ముఖ్యమైన కండరానికి నరం మెడపూసల మధ్యనుంచి రాదు. అది ముఖానికి వచ్చే అయిదో కపాల నరంలోని దవడ శాఖ, పుర్రె అడుగునుంచి దిగుతుంది. మెడను ఎంత సర్దినా దానికి చేరేది ఏమీ లేదు. పసివాళ్లలో ఆ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే వాచి మూసుకుపోతుంది, వెనక నీరు నిలిచి చీము పడుతుంది. ఏడేళ్లు వచ్చేసరికి చాలామందికి గొట్టం పొడవై వాలుగా మారుతుంది, బెడద దానంతటదే తగ్గుతుంది.

మరి సిట్టింగుతో తగ్గినట్టు ఎందుకు కనిపించింది? తేదీలు రాసిన నోటుబుక్కులోనే జవాబుంది. నొప్పి మొదలైన రెండోరోజు రైలెక్కేవాళ్లం, మూడోరోజుకి తగ్గేది. ఎక్కువమంది పిల్లల్లో చెవిపోటు మందు లేకున్నా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కర్ణభేరి చిల్లుపడి చీము కారినా నొప్పి ఒక్కసారిగా పోతుంది. అదీ సిట్టింగు ఖాతాలోనే పడింది. సిట్టింగులు మానేసిన నెలల్లో లెక్క ఏమీ మారలేదు.

నిజంగా పనికొచ్చింది పారాసిటమాల్, అదీ బరువు చూసి. కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు కిలోలకు 180. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 120 ఉంటుంది, ఇంకోదాంట్లో 250. మొదటిది 7.5 మి.లీ. పోయాలి, రెండోది 3.6 మాత్రమే. పసిపిల్లల చుక్కలమందు ఇంకా చిక్కన. సీసా మీద చదవకుండా వంటింటి చెంచాతో పోయకండి. నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు దాటకూడదు.

చెవి కారుతుంటే ఉతికిన మెత్తటి నూలుగుడ్డను వత్తిలా చుట్టి చెవిలో ఉంచి, తడవగానే తీసి, ఆరేదాకా కొత్తది మారుస్తూ రోజుకి మూడుసార్లు చేయాలి. బడ్స్ లోపలికి తోయొద్దు. వెల్లుల్లి కాచిన నూనె అసలొద్దు. భేరికి చిల్లుంటే నూనె నేరుగా లోపలికి పోతుంది.

ఆరునెలల్లోపు బిడ్డ, రెండు చెవులూ పోటెత్తిన రెండేళ్లలోపు పిల్లలు, 39 డిగ్రీల సెల్సియస్ జ్వరం, 48 గంటలకీ తగ్గని నొప్పి — వీటికి డాక్టరే. ఆయన యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వాడాలి. చెవి వెనక వాచి చెవి ముందుకు పొడుచుకొచ్చినా, మెడ బిగుసుకున్నా, మూతి వంకరపోయినా వేచి ఉండకుండా నేరుగా పెద్దాసుపత్రికి. ఆరునెలల్లో మూడుసార్లు లేదా ఏడాదిలో నాలుగుసార్లు వస్తే, మూడు నెలలైనా లోపల నీరు ఇంకకపోతే, చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మాట ఆలస్యమవుతున్న పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం.

పిల్లలను పడుకోబెట్టి పాలసీసా ఇవ్వడం మానండి, కట్టెలపొయ్యి దగ్గర, బీడీ పొగలో ఉంచకండి. చెవిపోటు తెచ్చే క్రిముల్లో ఒకదాన్ని అడ్డుకునే న్యుమోకోకల్ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ప్రభుత్వ కేంద్రంలో ఉచితం. ఏ డోసైనా తప్పితే కార్డు తీసుకెళ్లి ఆశా దీదీని అడగండి.