కుడి అద్దానికి హ్యాండిల్ సరే, ఎడమ అద్దానికి వద్దు: పవర్ విండోలు తీయించిన మూడున్నరేళ్ళ తర్వాత

నా కారు 2011లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు తలుపులు రెండింటికే పవర్ విండోలు ఉండేవి, వెనక తలుపులకు మొదటి నుంచీ చేత్తో తిప్పే హ్యాండిళ్ళే. 2022 జనవరిలో ముందు రెండింటినీ కూడా హ్యాండిళ్ళకు మార్పించాను. అప్పటి నుంచి 2025 జూలై వరకు, వారానికి రెండుసార్లు తిరుపతి నుంచి చిత్తూరుకు వెళ్ళి వస్తూ, వీలైనప్పుడల్లా తిరుమలకు వెళ్తూ దాదాపు 55 వేల కిలోమీటర్లు తిరిగాను. ఈ మార్పు చేసుకోవాలా వద్దా అని అడిగేవారికి నా సమాధానం తలుపును బట్టి మారుతుంది కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన వాన నీటిలో వాహనం చిక్కుకొని ఒక కొత్త పెళ్ళికూతురు ప్రాణాలు కోల్పోయిన సంగతి ఊళ్ళో అందరికీ గుర్తే. ఆ వార్త చదివిన రోజు నేను కారులో కూర్చొని అద్దం స్విచ్చును నాలుగైదుసార్లు నొక్కి చూసుకున్నాను. కుడి అద్దం అప్పటికే మూలుగుతూ ఎక్కేది. నెల తిరగకుండానే నవంబరు 18న కురిసిన వానకు మా వీధిలో నీళ్ళు కారు తలుపుల సగం దాకా వచ్చి, ఒక రాత్రంతా నిలిచాయి. నీళ్ళు తీశాక ఎడమ అద్దం నెమ్మదిగానైనా కదిలింది గాని, కుడి అద్దం సగంలో ఆగి అక్కడే ఉండిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హ్యాండిల్ ఉంటే నీటిలో మునిగినా ప్రాణాలకు ఢోకా లేదన్న భ్రమ నాకు లేదు. బయటి నీరు అద్దం ఎత్తుకు చేరితే ఆ ఒత్తిడికి అద్దం తాను జారే రబ్బరు ఛానెల్‌కు అదుముకుపోయి, మోటారుతోనే కాదు, చేత్తో కూడా దిగడం కష్టమవుతుంది. నీరు అంత పైకి రాకముందే, బ్యాటరీ పోయినా ఇంజను ఆగినా అద్దం దించుకోగలగడమే హ్యాండిల్ వల్ల కలిగే ప్రయోజనం. నాకు కావలసిందీ అంతవరకే.

రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన షెడ్డుకు కారు తీసుకువెళ్ళాను. మెకానిక్ డోర్ ప్యాడ్ ఊడదీసి, లోపలి ప్లాస్టిక్ షీటు పక్కకు లాగి, తలుపు అడుగున ఉన్న రంధ్రాలను స్క్రూడ్రైవరుతో పొడిచాడు. ముందు ఎర్రమట్టి ముద్ద ఊడిపడింది, దాని వెనకే చెంబెడు నీళ్ళు కారాయి. అద్దం పక్కన రబ్బరు సందుల్లోంచి వాన నీరు తలుపులోకి దిగడం ప్రతి కారులోనూ జరిగేదే, అది అడుగు రంధ్రాల నుంచి పోవాలి. అవి మూసుకుపోతే మోటారు తడిలో నానుతుంది, లోపల కార్బన్ బ్రష్‌లు తగిలే రాగి భాగం చిలుము పడుతుంది. అంటే నా మోటారు ఆ ఒక్క వరదకే చావలేదు, నా అశ్రద్ధ దాన్ని ఏళ్ళ తరబడి చంపుతూ వచ్చింది. పవర్ విండో నెమ్మదించిందని దాన్ని పీకించాలనుకునేవారు ముందుగా ఈ రంధ్రాలనూ, అద్దం జారే రబ్బరు ఛానెల్‌నూ, తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో మడతపడి తెగే వైర్లనూ చూపించుకోవాలి. చాలా కార్లకు జబ్బు అక్కడే ఉంటుంది. ఛానెల్‌లో సిలికాన్ స్ప్రే కొడితే చాలు, నూనె పోస్తే రబ్బరు ఉబ్బి మరింత బిగుసుకుంటుంది.

ఇంత తెలిసీ ఎందుకు మార్పించానంటే, అదే మోటారును 2018లో ఒకసారి మార్చాను, మళ్ళీ మార్చే ఓపిక లేకపోయింది. నా నిర్ణయం విని మెకానిక్ నవ్వాడు. “ఏంది సార్, అందురూ హ్యాండిల్ తీసేసి పవర్ ఏపించుకుంటా ఉండారు, మీరు ఎనక్కి పోతా ఉండారే” అన్నాడు. డబ్బు మిగులుతుందని ఈ పని చేయకూడదు. రెగ్యులేటరుతో (అద్దాన్ని పైకీ కిందికీ జరిపే యంత్రంతో) సహా కొత్త మోటారు ఒకటి వేయించడానికి 3,200 రూపాయలు అడిగారు. మార్పిడికి నాకైన లెక్క ఇది: కుడి వైపు కొత్త రెగ్యులేటరు 850, ఎడమ వైపుకు చెన్నై పుదుప్పేట నుంచి తెప్పించిన పాతది 350, హ్యాండిళ్ళు రెండూ 240, హ్యాండిల్‌కు రంధ్రం ఉన్న పాత డోర్ ప్యాడ్లు 1,400, కూలి 900. మొత్తం 3,740. నా కారుకు హ్యాండిళ్ళతోనే వచ్చే చవక రకం కూడా ఉండటం వల్ల తలుపు లోపలి రేకు రెండింటికీ ఒకటే, బోల్టు రంధ్రాలు సరిగ్గా కుదిరాయి. అలాంటి రకమే లేని కారుకు ఈ పని పెట్టుకుంటే రేకు కోయాల్సి వస్తుంది. అప్పుడు వద్దనే అంటాను.

పని సగం రోజులో అయిపోయింది. విడిగా చెప్పవలసింది హ్యాండిల్ బిగించే కోణం గురించే. మొదట బిగించినప్పుడు అద్దం పూర్తిగా ఎక్కాక హ్యాండిల్ పిడి సరిగ్గా నా మోకాలికి తగిలే చోట ఆగింది. చంద్రగిరి చేరేలోపే అది భరించలేననిపించింది. తిరిగివచ్చి అడిగితే మెకానిక్ పాత బనియను గుడ్డ పేలిక ఒకటి హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగాడు. లోపలి గుర్రపునాడా క్లిప్పు టిక్కుమని ఎగిరి సీటు కింద పడింది. హ్యాండిల్ ఊడదీసి, ఇరుసు పళ్ళ మీద నాలుగు పళ్ళు ముందుకు జరిపి తిరిగి నొక్కాడు. ఈ కిటుకు నేర్చుకోవడం వల్ల తర్వాత రెండుసార్లు నేనే హ్యాండిల్ విప్పుకున్నాను. చవక హ్యాండిల్ పళ్ళు రెండేళ్ళకు అరిగి, తిప్పితే జారడం మొదలుపెట్టింది. 120 రూపాయలతో ఆ సమస్య తీరింది.

కుడి అద్దం విషయంలో నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఐదున్నర చుట్లు తిప్పితే పూర్తిగా దిగుతుంది. అలిపిరి టోల్‌గేటు దగ్గరైనా, పెట్రోలు బంకులోనైనా కారు ఆగేలోపు చేయి దానంతటదే తిప్పేస్తుంది. ఎండలో పెట్టిన కారులోకి ఎక్కి తాళం తిప్పకుండానే వేడిగాలి బయటికి పంపవచ్చు. రాత్రి బ్యాటరీ పడుకున్నప్పుడు అద్దం దిగిపోయి ఉంటే కారు తెరిచి వదిలి వెళ్ళాల్సిన గతి లేదు. మోటారు బరువు తగ్గి మైలేజీ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, నాకు తేడా ఏమీ కనబడలేదు.

ఎడమ అద్దం దగ్గరే నేను తప్పు చేశాను. మన రోడ్ల మీద మనిషితో మాట్లాడాలంటే ఎడమ అద్దమే దించాలి. దారి అడగాలన్నా, రోడ్డు పక్కన జామకాయలు కొనాలన్నా, ఎవరినైనా ఎక్కించుకోవాలన్నా అటువైపే. ఒంటరిగా నడిపేటప్పుడు సీటు బెల్టు బిగిసి, మెడ వంచి, చేయి చాచినా హ్యాండిల్ సగం చుట్టు కూడా అందదు. పుదుప్పేట రెగ్యులేటరు పేచీ ఇంకొకటి. హ్యాండిల్ ఇరుసు చుట్టూ ఉండే స్ప్రింగే అద్దాన్ని ఎక్కడికక్కడ పట్టి ఉంచే బ్రేకు. అది అరిగిపోవడంతో తిరుపతిలో పూర్తిగా ఎత్తిన అద్దం పాకాల దాటేసరికి రెండు వేళ్ళ మందం దిగి ఉండేది. ఆరు నెలలు భరించి కొత్తది వేయించాను. పాత రెగ్యులేటరు మాత్రం ఎవరూ కొనవద్దు.

అసలు దెబ్బ 2023 నవంబరులో తగిలింది. కొండ నుంచి ఒంటరిగా దిగుతున్నాను, గాలి కోసం ఎడమ అద్దం దించి ఉంది. మలుపుల మధ్యలో వాన అందుకుంది. ఘాట్ రోడ్డులో తోచిన చోట ఆగడానికి లేదు, వెనక బస్సు. ఎడమ సీటు మీద పెట్టిన లడ్డూల సంచీ, దిద్దిన జవాబు పత్రాల కట్టా కళ్ళెదుటే తడుస్తుంటే చూస్తూ దిగాను. స్విచ్చు ఉంటే వేలి పని అది. ఆ పత్రాలను మర్నాడు ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టి, ఎర్ర సిరా కారినచోట మార్కులు మళ్ళీ వేయవలసివచ్చింది.

అప్పుడే ఎడమదాన్ని పవర్‌లో ఉంచేయవచ్చు కదా అంటే, నా కారులో దానికి అడ్డు ఉంది. ఎడమ స్విచ్చుకు ఎర్త్ కుడి తలుపులో ఉండే, రెండు అద్దాలనూ నడిపే మాస్టర్ స్విచ్చు గుండానే వస్తుంది, అది తీసేస్తే ఎడమ స్విచ్చు పని చేయదు. హ్యాండిల్ రకం ప్యాడ్‌లో మాస్టర్ స్విచ్చుకు చోటు లేదు. అందుకే మెకానిక్ రెండూ మార్చేద్దామన్నాడు, నేనూ తల ఊపాను. ఆ మాస్టర్ స్విచ్చునే తీసి హ్యాండ్‌బ్రేకు పక్కన బిగించి, వైర్లు అక్కడిదాకా పొడిగించుకోవచ్చన్న ఆలోచన అప్పుడు మా ఇద్దరికీ రాలేదు.

అదృష్టవశాత్తు ఎడమ మోటారును పారేయలేదు. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టిన దాన్ని పోయిన వారం దించి బ్యాటరీకి తగిలించి చూస్తే రెండు వైపులా చక్కగా తిరిగింది. తలుపులో వైర్లు విడివిడిగా టేపు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. స్విచ్చు పొడిగింపుతో సహా 1,100 రూపాయలకు ఒప్పుకున్నాడు మెకానిక్. అక్టోబరు వానలు పట్టేలోపు చేయిస్తున్నాను, కుడి తలుపు జోలికి మాత్రం పోవద్దని ముందే చెప్పాను.