మార్కెట్లో దొరికే అవిసె గింజల పొడి ఎలా ఉంది?

సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో అమ్మే అవిసె గింజల పొడికి మేమిచ్చేది ఐదుకు రెండు మార్కులే. విడి గింజలకైతే నాలుగు.

అవిసె గింజ బరువులో సుమారు 40 శాతం నూనె. అందులో సగానికి పైగా ఒమేగా-3 అనే కొవ్వు. గింజ పగలనంత కాలం పైపొట్టు దాన్ని కాపాడుతుంది, పొడి కొట్టాక గాలి తగిలి ముక్కిపోతుంది. నెలల తరబడి అరల్లో ఉన్న ప్యాకెట్‌తో చిక్కు అదే. విప్పగానే పెయింట్ డబ్బా వాసన వచ్చినా, నాలుకకు చేదు తగిలినా పారేయండి. వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి కారప్పొడి చేస్తే వాసన అణుగుతుందేమో గానీ నూనె బాగుపడదు.

ఇంట్లో చేసుకోవడం తేలిక. 100 గ్రాములు సన్నసెగ మీద చిటపటలాడేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీని ఆపి ఆపి తిప్పండి. వేడి మీద పట్టినా, ఒకే బిగిన తిప్పినా నూనె వదిలి ముద్దకడుతుంది. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు వారాల్లో వాడేయాలి. మొదట రోజుకో టీస్పూను, అలవాటయ్యాక టేబుల్ స్పూను, అంటే 7 గ్రాములు. నీళ్లు సరిగా తాగకపోతే కడుపుబ్బరం, మలబద్ధకం రావచ్చు. గింజలు నమలకుండా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి.

‘రొమ్ము క్యాన్సర్‌ను నివారిస్తుంది’ అని రాసిన ప్యాకెట్‌ను మాత్రం కొనకండి. ఆహారానికి అలాంటి ప్రచారాన్ని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు ఒప్పుకోవు. అమ్మేవాళ్లకు ఆసరా గింజలో ఉండే లిగ్నాన్లు అనే పదార్థాలు. రొమ్ము క్యాన్సర్లలో చాలావాటిని పెంచేది స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్; పేగుల్లోని బ్యాక్టీరియా లిగ్నాన్లను దాన్ని పోలిన బలహీన పదార్థాలుగా మారుస్తుంది. 2005లో వెలువడిన టొరంటో అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు రోజుకు 25 గ్రాములు తిన్నవారిలో కణితి కణాల పెరుగుదల తగ్గింది. కానీ వాళ్లకు అప్పటికే క్యాన్సర్ ఉంది, తీసుకున్నది 32 మందినే. నివారణకు అది రుజువు కాదు.

ముప్పు తగ్గుతుందని గట్టి ఆధారాలున్నవి వేరే ఉన్నాయి: మద్యం పూర్తిగా మానడం, వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, బిడ్డకు పాలివ్వడం. ముట్లుడిగాక బరువు పెరగకుండా చూసుకోవడం మరీ ముఖ్యం. ఆ వయసులో ఈస్ట్రోజెన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వులోనే.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ పొడికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచండి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ వంటి మందుల మీద ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి. రొమ్ములో గడ్డ, చర్మం సొట్ట, చనుమొన నుంచి రక్తం కనిపిస్తే ఏ పొడీ తింటూ ఆగొద్దు, ఆ వారమే చూపించుకోండి.