అసెండరా, ఎగిరే అట్టా: ఏది మేలు?

నాకు ధర్మాకోల్‌తో పాత విమానాల నమూనాలు చేసే పిచ్చి ఉంది. అది తెలిసినవాళ్లు ఏడాదిగా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ప్రయోగాత్మక ఫైటర్లలో కర్టిస్ ఎక్స్‌పీ-55 అసెండర్ మేలా, వాట్ కంపెనీవారి ‘ఎగిరే అట్టు’ మేలా? పోయిన నెల రెంటికీ చెరో గ్లైడర్ చేసి మేడ మీంచి వదిలాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా జవాబు చెప్పగలను.

ఫైటర్ అనగానే అందరూ వేగం పట్టిక తీస్తారు. ఇక్కడ దాంతో తేలేది ఏమీ లేదు. 1,275 అశ్వశక్తి ఇంజను ఉన్న అసెండర్ గంటకు సుమారు 628 కిలోమీటర్లు అందుకుంది. అప్పటికే అమెరికాదే అయిన మస్టాంగ్ ఫైటర్ 700 దాటుతోంది. అట్టు తొలి రూపమైన వీ-173కి ఉన్నవి 80 అశ్వశక్తి ఇంజన్లు రెండే. దాన్ని పందెంలో నిలబెట్టడమే అన్యాయం. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: వేగం చచ్చిపోయినప్పుడు ఆ రెక్క పైలట్‌ను ఏం చేస్తుంది?

అసెండర్‌కు ప్రొపెల్లర్ వెనక, పెద్ద రెక్కలు వెనక్కి వాలి, ముక్కు దగ్గర చిన్న రెక్క. ఈ అమరికలో స్టాల్ (వేగం తగ్గి, ముక్కు మరీ లేచి రెక్క మోయడం మానేసే స్థితి) దగ్గరపడితే ముందు చిన్న రెక్కే చేతులెత్తేయాలి. అప్పుడు ముక్కు దానంతటదే దిగి, విమానం మళ్లీ వేగం పుంజుకుంటుంది. పెద్ద రెక్క ముందుగా పట్టు వదిలితే కథ తలకిందులే. 1943 నవంబర్ 15న అక్షరాలా అదే జరిగింది. స్టాల్ పరీక్ష చేస్తుండగా మొదటి విమానం వెల్లకిలా తిరగబడి, ఎంత ప్రయత్నించినా సరికాక, 16,000 అడుగులు అలాగే పడిపోయింది. పైలట్ హార్వీ గ్రే పారాచూట్‌తో బతికి బయటపడ్డాడు. దూకేటప్పుడు వెనకున్న ప్రొపెల్లర్ మనిషిని నరకకుండా, దాన్ని ముందే ఊడగొట్టేందుకు కాక్‌పిట్‌లో ఒక లివర్ పెట్టారు. తర్వాత రెక్కల కొసలు పొడిగించారు, ముందు రెక్క మరింత కదిలేలా మార్చారు. గుణం కొంత మారింది కానీ, స్టాల్ అయితే ఎత్తు బాగా కోల్పోవడం పోలేదు. మూడో విమానం 1945 మేలో రైట్ ఫీల్డ్ ప్రదర్శనలో కూలింది. పైలట్‌తో పాటు నేల మీదున్నవాళ్లు కూడా చనిపోయారు.

ఇక అట్టు. అమెరికన్లు ప్యాన్‌కేక్ అన్నారు, నా కంటికి మాత్రం దిబ్బరొట్టె. ఒళ్లంతా ఒకే గుండ్రటి రెక్కలా ఉండే ఈ విమానం ఇంజనీరు ఛార్లెస్ జిమ్మర్‌మన్ ఊహ. ఇంత పొట్టి, వెడల్పు రెక్కకు పెద్ద శత్రువు కొసల దగ్గర ఉంటుంది. కింది గాలి అంచు చుట్టూ పైకి ఎగబాకి సుడి తిరుగుతుంది, ఆ సుడి విమానాన్ని వెనక్కి లాగుతుంది. జిమ్మర్‌మన్ సరిగ్గా ఆ కొసల్లోనే దాదాపు 5 మీటర్ల ప్రొపెల్లర్లు పెట్టి, సుడికి ఎదురు దిశలో తిప్పాడు. దాంతో అటు సుడి అణగుతుంది, ఇటు రెక్కంతా ప్రొపెల్లర్ గాలిలో తడుస్తుంది. 1942 నవంబర్ 23న పైలట్ బూన్ గైటన్ వీ-173ని తొలిసారి ఎగరేశాడు. తర్వాత సుమారు 190 సార్లు ఎగిరింది. ముక్కు ఎంత పైకెత్తినా హఠాత్తుగా పడిపోవడం దాని స్వభావంలోనే లేదు. మెల్లగా కుంగుతుందంతే. ఒకసారి బీచ్‌లో అత్యవసరంగా దిగుతూ, స్నానాలకు వచ్చిన జనాన్ని తప్పించబోయి బోర్లా పడింది. అయినా పైలట్‌కు దెబ్బ తగలలేదు, విమానానికీ పెద్ద నష్టం లేదు.

అట్టు మీద నాకున్న మోజును దాచను కానీ, దాని లోపమూ చెప్పాలి. ఇంజన్ల శక్తిని కొసలదాకా మోసుకెళ్లే షాఫ్టులు, గేర్లు ఎప్పుడూ వణుకుతూ తలనొప్పి తెచ్చేవి. అసలు ఫైటర్ ఎక్స్‌ఎఫ్5యూ తయారైంది కానీ, నేల మీది పరుగుల్లో కాస్త లేవడం తప్ప సరిగా ఎగిరిందే లేదు. జెట్లు వచ్చేశాయి, 1947 మార్చిలో నౌకాదళం రద్దు చేసింది. అసెండర్ మాత్రం ఫైటర్‌గానే గాలిలోకి లేచి పరీక్షలు ఎదుర్కొంది. ఆ గౌరవం దానిదే.

అప్పటి మరో అమెరికన్ ప్రయోగాత్మక ఫైటర్ నార్త్రాప్ ఎక్స్‌పీ-56 గురించీ అడుగుతారు. మెగ్నీషియం ఒళ్లు, తోక దాదాపు లేదు, మొదటిది టైరు పేలి ముక్కలైంది. తోకలేని జర్మన్ విమానం హోర్టెన్ అందంగా ఉంటుంది, అంతే. అసెండర్‌లాగే ముక్కు దగ్గర చిన్న రెక్క ఉన్న జపాన్ ఫైటర్ షిండెన్ 1945 ఆగస్టులో ఎగిరేసరికి యుద్ధమే అయిపోవచ్చింది.

మేడ మీది సంగతి: అసెండర్ ముక్కులో బంకమట్టి చిటికెడు తక్కువైతే చాలు, గిరుక్కున వెల్లకిలా తిరిగి పక్కింటి తులసికోటలో పడింది. నాలుగుసార్లు అతికించాను. అట్టును ఎంత అడ్డదిడ్డంగా విసిరినా తోక దించుకుని, ముసలమ్మ మెట్లు దిగినట్టు దిగింది. అల్మరాలో చోటు దానికే.

మిగిలిన ఒక్క అసెండర్ మిషిగన్‌లోని కలమజూ మ్యూజియంలో ఉంది. వీ-173 డాలస్‌లో, లవ్ ఫీల్డ్ విమానాశ్రయం పక్కనున్న మ్యూజియంలో. డాలస్‌లో మనవాళ్లకు కొదవ లేదు కాబట్టి ఎవరైనా వెళ్తే ఒక పని చేయండి. ముందు అంచులో, పైలట్ కాళ్ల దగ్గర ఉండే అద్దాల ఫొటో ఒకటి దగ్గరగా తీసి పంపండి. నా నమూనాలో ఆ భాగం ఇంకా అట్టముక్కే.