ఇంజన్ ఆగితే వెనక్కి తిరగడమా, ఎదురుగా దిగడమా?

విమానం నడపడం నేర్చుకుంటున్న పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. నేల విడిచిన కొద్ది క్షణాలకే ఇంజన్ మొరాయిస్తే రన్‌వేకు తిరిగి రావడం మేలా, ఎదురుగా ఎక్కడో ఒకచోట దించేయడం మేలా? ఒంటి ఇంజన్ విమానాల మాటే చెబుతున్నాను.

చక్రాలు ఇంకా నేల మీదే ఉంటే ఆలోచించేదేమీ లేదు, థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచే, తగ్గించే మీట) మూసి బ్రేకులు వేయాలి. సిరస్ లాంటి విమానాలకు విమానం మొత్తాన్ని దించే పారాచూట్ ఉంటుంది గానీ, దానికీ నాలుగు నుంచి ఆరు వందల అడుగుల ఎత్తు కావాలి.

వెనకాల అంత పొడుగు తారు దారి ఉంటే మనసు అటే లాగుతుంది. కానీ 180 డిగ్రీలు తిరిగితే రన్‌వేకు పక్కగా తేలతారు. దాని మీదికి రావాలంటే ఇంకొంత తిరిగి, మళ్లీ ఇటు సర్దుకోవాలి. 45 డిగ్రీల వాలుతో తిరిగితే స్టాల్ వేగం, అంటే ఏ వేగానికి తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవో అది, 19 శాతం పెరుగుతుంది. అంటే 50 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దగ్గర స్టాల్ అయ్యే సెస్నా 172 దాదాపు 60 దగ్గరే అవుతుంది. ఇంజన్ లేకుండా జారుతూ దిగే దాని గ్లైడ్ వేగమే 65 నుంచి 68. రన్‌వే అందడం లేదని కంగారులో ముక్కు కొంచెం ఎత్తినా ఆ తేడా కరిగిపోతుంది.

నా మటుకు అసలు విషయం గాలి. మనం ఎగిరేది ఎదురుగాలిలోకి. తిరిగి వస్తే అదే గాలి వీపున తోస్తుంది. 60 నాట్లతో దిగే విమానం 10 నాట్ల ఎదురుగాలిలో నేలను 50తో తాకుతుంది, వెనకగాలిలో 70తో. తాకిడి శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 50కి 2,500, 70కి 4,900. రన్‌వే అందక కంచె మీద పడితే ఆ రెట్టింపు దెబ్బ మన ఒంటికే తగులుతుంది. అందుకే నేను ఎదురుగా దిగడం వైపే ఉంటాను, అది జొన్న చేనైనా సరే.

2015 మార్చి 5న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో నటుడు హారిసన్ ఫోర్డ్ నడిపిన 1942 నాటి రయన్ పీటీ-22 టేకాఫ్ తర్వాత శక్తి కోల్పోయింది. ఇంజన్‌కు గాలి, ఇంధనం కలిపి అందించే కార్బురేటర్‌లో, ఇంధనాన్ని కొలిచి వదిలే ప్రధాన జెట్ మర ఊడి, ఇంధనం మోతాదు మించి పారింది. ఆయన వెనక్కే తిరిగారు. రన్‌వే అందదని తెలియగానే పట్టుబట్టకుండా గోల్ఫ్ మైదానాన్ని ఎంచుకున్నారు. చెట్టు కొమ్మను తాకి దిగారు. గాయాలతో బతికారు. నేను మెచ్చుకునేది ఆ మనసు మార్చుకోవడాన్నే.

ఎత్తు చాలినంత ఉండి, ఎదురుగా అంతా ఇళ్లే అయితే తిరగడం తప్పు కాదు. ఎంత ఎత్తు చాలుతుందో మీ విమానంలోనే తేల్చుకోండి. శిక్షకుడిని పక్కన పెట్టుకుని 4,000 అడుగుల ఎత్తున, పైకి ఎగబాకుతున్న భంగిమలోనే థ్రాటిల్ మూయండి. తేరుకోవడానికి పట్టే నాలుగు సెకన్లు లెక్కబెట్టండి. ముక్కు దించి, తిరిగి, ఎన్ని అడుగులు పోయాయో రాసుకోండి. ఆ అంకెకు ఇంకో సగం కలపండి. ప్రతి టేకాఫ్‌కు ముందు నేను ఆ అంకెను పైకి చదువుతాను, "దీని లోపు ఎదురుగానే" అంటాను. తర్వాత భుజాల బెల్టును ఒకసారి లాగి చూసుకుంటాను. ఫోర్డ్ గాయాలు అంత తీవ్రం కావడానికి విమానంలో సరిగా అమర్చని భుజాల బెల్టు కూడా కారణమని దర్యాప్తులో తేలింది.