పెడన అచ్చుల పనిశాలలో ఒక పూట

మచిలీపట్నానికి దాదాపు పది కిలోమీటర్ల ముందు వస్తుంది పెడన. అక్కడ కలంకారీ అద్దకం పనిశాల ఒకటి, దాన్ని ఆనుకొని చిన్న దుకాణం ఉన్నాయి. పోయిన నెలలో మా అమ్మాయితో కలిసి వెళ్లాను. మనిషికి ఐదు వందలు కడితే ఒక పూట మనచేత కూడా అద్దిస్తారు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. మళ్లీ మళ్లీ వచ్చే ఆకారం ఎక్కడ కనిపించినా అక్కడే నిలబడిపోతాను. ఈ ఐదు వందలు నాకు చాలా తక్కువ అనిపించాయి.

"ముందు అచ్చు చూడండమ్మా, గుడ్డ సంగతి తరువాత" అంటూ అక్కడి పెద్దాయన అరచేయంత టేకు అచ్చు చేతిలో పెట్టారు. మధ్యలో ఒక నిండు పువ్వు, నాలుగు అంచుల్లో తెగిపోయిన తీగలు, సగం సగం ఆకులు. కాసేపు తిప్పి తిప్పి చూశాక తెలిసింది: కుడి అంచున తెగిన ఆకుకు మిగతా సగం ఎడమ అంచున ఉంది, పైన ఆగిన తీగ కింది నుంచి మొదలవుతోంది. ఒకసారి అద్ది, పక్కనే మరోసారి అద్దగానే రెండు సగాలూ కలిసి ఒకే ఆకు అయింది. ఒక తలం మీద నమూనా రెండు దిశల్లో మళ్లీ మళ్లీ రావడానికి ఉన్న పద్ధతులు 17 మాత్రమేనని 1891లో రష్యా శాస్త్రవేత్త ఫ్యోదొరోవ్ నిరూపించాడు. అచ్చులు పేర్చిన చెక్క అరల ముందు నిలబడి ఆ పద్ధతుల్లో ఐదింటిని వేళ్ల మీద లెక్కపెట్టాను. అచ్చులు చెక్కేవారికి ఈ లెక్క చేతిలోనే ఉంది.

అద్దడం కష్టమే. గుడ్డను ముందే కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టిన కసిమి వాడతారు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే అది నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట అద్దేది పటిక కలిపిన జిగురు. అప్పటికి అక్కడ ఎరుపు జాడ ఉండదు. తరువాత రంగునీళ్లలో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. నా వరుసలో ఐదో అచ్చు వెంట్రుకవాసి జరిగింది, పదో అచ్చుకు వచ్చేసరికి తీగ అర అంగుళం కిందికి దిగిపోయింది. పెద్దాయన కోప్పడలేదు. అచ్చు మూలలో ఉన్న ఆనవాలు చుక్కను చూపించి, "కన్ను పువ్వు మీద కాదు టీచరుగారూ, ఈ చుక్క మీద ఉండాలి" అన్నారు. అంచు మూల తిరిగే చోట పాత వార్తాపత్రికను ఏటవాలుగా మడిచి అడ్డం పెట్టి, రెండు వైపులా అద్ది, మూలను ఎంత శుభ్రంగా కలిపారో! ఆ మూల దగ్గరే అరగంట గడిపాను.

దుకాణం విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. అచ్చుతో అద్దిన దుప్పట్లనూ స్క్రీన్‌తో ముద్రించినవాటినీ ఒకే అరలో, ఏ గుర్తూ లేకుండా పెట్టారు. అడిగితే నిజమే చెప్పారు కానీ, అడగనివారి మాటేమిటి? కొనేముందు దుప్పటిని పూర్తిగా విప్పించండి. అతుకుల వెంట చూపు నడపండి. చేత్తో అద్దినదైతే ఒకచోట రంగు చిక్కగా, ఒకచోట పలచగా, తీగ కలిసేచోట ఎక్కడో ఒకచోట సన్నని తేడా కనిపిస్తుంది. నేను తీసుకున్న దుప్పటి 1,850 రూపాయలు. రెండుసార్లు ఉతికాను, మొదటిసారి నీళ్లు కాస్త ఎర్రబడ్డాయి, తరువాత లేదు. నీడలోనే ఆరేస్తున్నాను.

ఫొటోలు తీయడానికి అడిగితే ఒప్పుకుంటారు. ఉదయం కిటికీ వెలుగు అచ్చుల మీద ఏటవాలుగా పడుతుంది; మా అమ్మాయికి మంచి ఫొటోలన్నీ పది గంటలకు ముందే దొరికాయి. ఉడికించే పని రోజూ ఉండదు, ముందుగా ఫోను చేసి కనుక్కోండి. మేము వెళ్లిన రోజు లేదు. నేను అద్దిన గుడ్డ అక్కడే ఉంది, పువ్వుల్లో ఇంకా ఎరుపు రాలేదు. వచ్చే గురువారం పొయ్యి వెలిగిస్తామన్నారు, వెళ్తున్నాం.